పొగడ్త అంటుకున్న తొమ్మిది రోజులు

తుంగకోత నెల, 4

ఈ రోజు మూడు దోనెలు దాటించాను. మొదటిదాని నిండా చేపల బుట్టలు. వాటిని తిట్టడానికి నోరు పూర్తిగా తెరవక్కర్లేదు, సగం పని ఆ వాసనే చేసిపెట్టింది. రెండోదాంట్లో పురిటిబిడ్డ. ముడతలు పడి, కందిపోయి, నిజంగానే అనాకారిగా ఉంది. "ఎండబెట్టడం మర్చిపోయిన జెల్లచేపలా ఉందేమే నీ కూతురు" అన్నాను. తల్లి సంతోషం పట్టలేక నా చేతులు పట్టుకుంది. మూడోదాంట్లో గట్టు మీది మనిషి ఒకడు. పేరు వర్రిన్ అట. మేకల్ని కాస్తాడట. పాయ మధ్యకు వచ్చేసరికి చుట్టూ చూసి, "అబ్బ, ఎంత బాగుందండీ ఈ..." అని మొదలుపెట్టాడు. గడకర్రతో మోకాలి మీద ఒకటిచ్చాను. అవతలి ఒడ్డుదాకా మళ్ళీ నోరెత్తలేదు.

నీటి మీద దేన్ని పొగిడితే అడుగునుండే లొహుమ దాన్ని పట్టుకుపోతుందని ఇక్కడ పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. వీడికి మాత్రం తెలియదు. గట్టు మీదివాళ్ళకు తెలిసిందల్లా మేకలు.

పందొమ్మిదేళ్ళుగా నేను నెష్కొ పాయకు తిట్టుబోతుని. నా దోనె ఎక్కినవాళ్ళలో ఒక్కరూ పోలేదు. పక్క పాయ తిట్టుబోతు గొమ్రి ముసలాడి దోనెలోంచి కిందటేడే ఒక పడుచుపిల్ల కొత్త బుట్టతో సహా పోబోయింది, బుట్టతో సరిపోయింది. వాడి తిట్లు వాడి తాత కాలంనాటివి. తిట్టులో నిజం ఉండాలిరా అని ఎన్నేళ్ళుగా చెబుతున్నా వాడికి ఎక్కదు. కళగల మొహాన్ని పట్టుకుని కురూపి అంటే లొహుమ నమ్మదు. ఉన్న లోపమేదో వెతికి పట్టుకోవాలి. ఆ పని చెయ్యాలంటే బుర్ర ఉండాలి.

తుంగకోత నెల, 6

ఇష్ప ఆ మేకలవాణ్ణి చేసుకుంటుందట. తుంగదుంపలు చెక్కుతూ, ఏదో ఉప్పు అయిపోయిందన్నంత మామూలుగా చెప్పింది.

"వాడా? వాడి మొహం నానిన రొట్టెలా ఉంటుంది."

"నా కళ్ళు బాగున్నాయన్నాడు పెద్దమ్మా."

నా చేతిలో కత్తి ఆగిపోయింది. "ఎక్కడన్నాడు?"

"రాతిదిబ్బ మీదేలే. నేనేమన్నా అంత తెలివితక్కువదాన్నా?"

"అంతకన్నా తక్కువదానివి."

నవ్వింది. దుంప పక్కన పెట్టి, "అందరి అమ్మలూ ఏడాదికోసారి పిల్లల్ని దిబ్బ ఎక్కించి ఒక మంచి మాట చెబుతారు. అక్కడికి నీళ్ళు రావు, లొహుమకు వినపడదు. నువ్వు నన్ను ఒక్కసారీ తీసుకెళ్ళలేదు" అంది.

"మోకాళ్ళ నొప్పులు."

"ఇరవై ఏళ్ళనించా?"

"పుట్టుకతోనే వచ్చాయి. దుంపలు చెక్కు."

సెవ్ర కూడా ఇలాగే, ముందు కళ్ళతో నవ్వేది. నా చెల్లెలు, దీని తల్లి. అది పోయేనాటికి ఇష్పకు పది నెలలు. తుంగ కోస్తూ పాడుతుంటే పడవలో ఎవరో బాగుందన్నారు, అంతే. ఎవరన్నారో తెలియదు. పడవలో ఏడుగురం ఉన్నాం.

తుంగకోత నెల, 7

వర్రిన్ మా ఇంటికి వచ్చి గంజి తాగి "చాలా బాగుందండీ" అన్నాడు. గుంజల మీది ఇంట్లో, కింద నీళ్ళు పెట్టుకుని! కుండ తీసుకెళ్ళి పాయలో పారేయాల్సి వచ్చింది. అమ్మమ్మ నాటి కుండ. వెధవ.

తుంగకోత నెల, 8

కుండ తేలలేదు. మూత కూడా తేలలేదు. గంజి కుండ పట్టుకుపోయి లొహుమ ఏం చేసుకుంటుందో. దానికంటూ ఒక ఇష్టం లేదు, ఒక రుచి లేదు. ఎవరో ఒకరు బాగుందని చెప్పేదాకా తనకేం కావాలో తనకే తెలియని బురదముద్ద. నాలుగు ఇళ్ళంత ఒళ్ళు పెంచింది, అందులో ఆవగింజంత సొంత ఆలోచన లేదు. దీని పేరు చెబితే పెద్దపెద్ద మగాళ్ళు వణుకుతారు.

తుంగకోత నెల, 9

వర్రిన్ నన్ను "మీరు" అంటున్నాడు. ఇక్కడ మీరు అనేది ఇద్దర్నే, శవాన్నీ, ముక్కూమొహం తెలియనివాణ్ణీ. "నేనింకా చావలేదు, నువ్వు అను" అని చెప్పాను. "అలాగేనండీ, మీరెలా చెబితే అలా" అన్నాడు. ఇష్ప నేల మీద పడి దొర్లి నవ్వింది. నాకేమీ నవ్వు రాలేదు.

తుంగకోత నెల, 11

రాతిదిబ్బ మీద పెళ్ళయింది. ఆచారం ప్రకారం పుట్టింటి పెద్ద పిల్ల ఎదురుగా నిలబడి ఒక మంచి మాట చెప్పాలి. నిరుడు మనవరాలి పెళ్ళిలో గొమ్రి ఎంతసేపు పొగిడాడంటే వడ్డించిన పులుసు చల్లారిపోయింది.

నా వంతు వచ్చింది. ఇష్ప నా మొహంలోకి చూస్తూ నిలబడింది. రాత్రంతా అనుకున్న మాటే, నాలుగే ముక్కలు. నోరు తెరిచాను. "నీ చెప్పు తెగింది, చూసుకోలేదా" అన్నాను. అందరూ నవ్వారు. ఇష్ప కూడా నవ్వింది, కొంచెం ఆలస్యంగా.

చెప్పు నిజంగానే తెగింది.

తుంగకోత నెల, 12

వాళ్ళిద్దర్నీ నేనే గట్టుదాకా దాటించాను. గొమ్రి తన దోనెలో వాళ్ళ సామానుతో మా పక్కనే వచ్చాడు. దారి పొడుగునా ఇష్పను తిట్టాను. కూడు మాడుస్తుంది, తీసిన తలుపు వేయదు, పిలిస్తే మూడోసారికి పలుకుతుంది. అన్నీ నిజాలే. పాయ మధ్యలో అది ఏడవడం మొదలుపెట్టింది. తర్వాత ఒక మాట అనేసింది. నా గురించి. వర్రిన్‌తో అన్నా, గట్టిగానే అంది.

ఏమందో రాయను.

అన్న మరుక్షణం తన నోరు తనే మూసుకుంది. మొహం తెల్లగా పాలిపోయింది. వెంటనే "కప్పమొహందానా, ముసలి తొండా" అని అరిచింది. "సరేలే, దిగిపోయింది, ఏడుపు మానుకో" అన్నాను. పిచ్చిది, నమ్మింది. గట్టు ఎక్కి వెనక్కి తిరిగి చూస్తూ వెళ్ళింది. వెనక్కి చూస్తూ నడిస్తే పడతావే అని అరిచాను.

తుంగకోత నెల, 13

గొమ్రి వచ్చాడు. పిలవలేదు.

"నువ్వు 'అవును' అనలేదు తుయెరా" అన్నాడు.

"అన్నాను. నీకు చెవుడు."

"చెవుడే, కానీ నీ గొంతు ఆరు పాయల అవతలికి వినపడుద్ది. పొగిడిన నోరే తిట్టాలి, తిట్టు పడ్డ మనిషి 'అవును, నేనంతే' అనాలి. అప్పుడుగానీ పొగడ్త దిగదు. పాతికేళ్ళనించీ జనాలకి నువ్వే చెప్తున్నావు కదే."

"పందొమ్మిదేళ్ళు. నీకు లెక్కలు కూడా రావు."

"తొమ్మిదో రోజుకి లొహుమ పట్టుకుపోద్ది. పిల్లకి కబురుపెట్టు."

"దోనె కారుతోంది. బాగుచేయించి వెళతాను."

వాడు వంగి నా దోనె అడుగు చూశాడు. చేత్తో తడిమాడు కూడా. వెళ్ళిపోయాడు. పరాయి దోనెలు తడమడం ఏం మర్యాదో.

తుంగకోత నెల, 14

ఇంటి కింద బుడగలు. కుళ్ళిన గుడ్ల కంపు. వచ్చిందన్నమాట, మహారాణి.

దోనె బాగానే ఉంది. అయినా ఎండలో బోర్లించాను.

తుంగకోత నెల, 15

కబురు ఎవరితో పంపాలి? అటు వెళ్ళేవాళ్ళెవరూ లేరు. చేపలవాళ్ళు వెళుతున్నారుగానీ వాళ్ళకు ఏ మాటా తిన్నగా చేరవేయడం రాదు. ఇష్ప కొత్త ఇంట్లో సర్దుకుంటూ ఉంటుంది. ఇప్పుడు పిలిస్తే అత్తగారు ఏమనుకుంటుంది? రేపు చూద్దాం.

సెవ్ర పోయిన రోజు పడవలో నలుగురం ఉన్నాం. ఏడుగురు పట్టే పడవ కాదది.

తుంగకోత నెల, 16

బుడగలు. దుంపలు మాడాయి.

తుంగకోత నెల, 17

రాస్తాను. తుంగ కాగితం మీద రాసింది నీళ్ళకు వినపడదు. వినపడినా ఇంతకన్నా ఏమవుతుంది?

ఇష్ప అన్నది ఇది: "మా పెద్దమ్మ ఉండగా నాకు అమ్మ లేదన్న సంగతే ఎప్పుడూ గుర్తురాలేదు."

నాకు యాభై మూడేళ్ళు. ఇన్నేళ్ళలో నన్ను ఎవరైనా ఒక మంచి మాట అన్నారంటే ఇదే. దీన్ని దింపేసుకోవాలట. గొమ్రికేం, వాడికి మనవరాళ్ళున్నారు, ఏడాదికోసారి దిబ్బ ఎక్కించి కావలసినంత అంటారు. నాకు అంటుకున్నది ఒక్కటి. ఇంకో నాలుగు రోజులు ఉంచుకుంటే ఎవరి సొమ్ము పోయింది?

అన్ని మాటల్లో ఆ మాటే అనాలా అది.

తుంగకోత నెల, 18

ఈ రోజు చేపలవాళ్ళు నా దోనె ఎక్కలేదు. ఒడ్డున దూరంగా నిలబడి, "మీరు విశ్రాంతి తీసుకోండి" అన్నారు.

మీరు! నిన్నటిదాకా నన్ను పీతమొహం అన్న జనం. నేను పోయినట్టే లెక్క కట్టేశారు. పురిటిబిడ్డ తల్లి కూడా, "మీ ఆరోగ్యం ఎలా ఉందండీ" అంది, బిడ్డను కొంగు చాటున దాచుకుంటూ. ఇంత పిరికి జనం కోసం నేను పందొమ్మిదేళ్ళు గొంతు చించుకున్నాను.

మధ్యాహ్నం లొహుమ వీపు కనిపించింది. ఇంటి వెనక, అరిటిడొప్ప కన్నా నెమ్మదిగా కదిలింది. వీపు మీద గడ్డి మొలిచింది, రెండు కొంగలు నిద్రపోతున్నాయి. వాటికి ఏ భయమూ లేదు. కొంగల్ని ఎవరూ పొగడరు మరి. "ఇంకా మూడు రోజులుంది, అప్పటిదాకా చావు" అని దాని మీద దుంప తొక్కలు పారేశాను.

తుంగకోత నెల, 19

పడవలో ఇద్దరమే ఉన్నాం.

తుంగకోత నెల, 20

గొమ్రి పులుసు తెచ్చాడు. నీళ్ళలా ఉంది. గుమ్మంలో కూర్చుని వాళ్ళ తాత తిట్లన్నీ వరసగా నన్ను తిట్టాడు. పొగిడింది వాడు కాదు కాబట్టి వాడు తిట్టి లాభం లేదు, ఆ సంగతి వాడికీ తెలుసు. అయినా గొంతు బొంగురుపోయేదాకా తిట్టాడు. ఒక్కదాంట్లో కూడా నిజం లేదు. చేతకానివాడు.

వెళ్ళేముందు, "పిల్లకి కబురుపెట్టా" అన్నాడు.

"నిన్నెవడు పెట్టమన్నాడ్రా?"

"ఎవడూ పెట్టమన్లా. మొండి శవమా, రేపు అది వచ్చి తిడితే నోర్మూసుకుని 'అవును' అను."

నోరు మూసుకుని ఎలా అంటారో వాడే చెప్పాలి.

పులుసు మొత్తం తాగాను. ఆకలేసింది, అంతే.

తుంగకోత నెల, 21

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దెక్కేసరికి కప్పలన్నీ ఒక్కసారిగా ఊరుకున్నాయి. ఇంటి గుంజలు కదలడం మొదలైంది. అప్పుడే ఇష్ప దోనె వచ్చింది. వర్రిన్ గడ వేస్తున్నాడు, గట్టుమనిషి గడ, అడుగుకోసారి పక్కకు పోతూ. ఇష్ప లేచి నిలబడే వచ్చింది.

"నువ్వు అవును అనలేదంట!"

"మర్చిపోయాను."

"నీ మొహం మర్చిపోయావు. ఇప్పుడు తిడతా, వెంటనే అను. కప్పమొహందానా!"

"అవును, నేనంతే."

బుడగలు ఆగలేదు.

"సోమరిపోతా!"

"అవును, నేనంతే." పందొమ్మిదేళ్ళు ఒక్క రోజు మానకుండా దోనె నడిపినదాన్ని సోమరి అంటే లొహుమ మాత్రం ఎలా నమ్ముతుంది? ఇంటి మూల గుంజ ఒకటి ఫెళ్ళున విరిగింది. నేల పక్కకు ఒరిగింది. కుండలు దొర్లి నీళ్ళలో పడ్డాయి.

"పిసినారీ! నాకు కడుపునిండా పెట్టలేదు నువ్వు. నన్ను... నన్ను సరిగ్గా పెంచలేదు." అబద్ధమని దానికే తెలుసు. నీళ్ళకూ తెలుసు.

"ఏదో ఒకటి చెప్పు పెద్దమ్మా. నీలో తప్పేంటో చెప్పు, నాకేం దొరకట్లేదు" అని ఏడ్చింది.

ఈ మాట నేను ఇంతకుముందు విన్నాను. పందొమ్మిదేళ్ళ కింద నా నోటినుంచే విన్నాను.

అప్పుడు ఆ వీపు లేచింది, దోనెకు ఆనుకుని. కొంగలు ఎగిరిపోయాయి. దోనె అంచు నీళ్ళను తాకింది. వర్రిన్ వెల్లకిలా పడ్డాడు, అయినా గడ వదల్లేదు. "పో ఇక్కణ్ణించి, అది నా కోసం వచ్చింది, నీకోసం కాదు" అని అరిచాను. "పోను. నువ్వు లేకుండా పోను" అని నా గుంజను కౌగిలించుకుంది, మూర్ఖురాలు, విరగబోయే గుంజను. చిన్నప్పటినుంచీ అంతే, చెప్పిన మాట ఒక్కటీ వినదు.

అందుకని చెప్పాను.

"మీ అమ్మ పాట బాగుందన్నది నేనే."

తలెత్తి చూసింది.

"పడవలో నేనూ అదీ ఇద్దరమే. ఎంత బాగా పాడతావే అన్నాను. తొమ్మిది రోజులు గడువుంది. రోజూ దాన్ని తిట్టాను. దాంట్లో తప్పేంటో వెతికాను, దొరకలేదు. ఏ తిట్టూ దిగలేదు. పెద్దవాళ్ళకి చెప్తే ఎవరో ఒకరు దారి చూపించేవాళ్ళు. చెప్పలేదు. చంపేశానంటారని, వెలేస్తారని భయమేసింది. సెవ్రని కూడా చెప్పొద్దని బతిమాలాను. నా కోసం అది కూడా చెప్పలేదు. తొమ్మిదో రోజు పొద్దున నిన్ను నా ఒళ్ళో పడుకోబెట్టి నీళ్ళకని కిందికి దిగింది."

ఇష్ప గుంజను వదిలేసింది. ఏడుపు ఆగిపోయింది. నన్నే చూసింది, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు.

"మీరు పిరికిమనిషి" అంది.

గట్టిగా కూడా అనలేదు.

"అవును, నేనంతే" అన్నాను.

నీళ్ళు ఒక్కసారి పొంగి సద్దుమణిగాయి. వీపు కిందికి దిగిపోయింది. కంపు పోయింది. ఎక్కడో ఒక కప్ప అరిచింది, తర్వాత అన్నీ అరిచాయి.

"దోనె తిప్పు వర్రిన్" అంది ఇష్ప. వాడు నా వంక ఒకసారి చూసి తిప్పాడు. ఈసారి గడ తిన్నగానే వేశాడు.

తుంగకోత నెల, 22

ఏమీ లేదు.

తుంగకోత నెల, 27

గొమ్రి గుంజ బాగుచేశాడు. వంకరగా కట్టాడు. ఏం జరిగిందని అడగలేదు, నేనే చెప్పాను. తాడు ఇంకో చుట్టు బిగించాడు. "పిరికిదానా" అన్నాడు చివరికి. వాడు జన్మలో తిట్టిన మొదటి సరైన తిట్టు.

రెల్లుపూత నెల, 3

జనం మళ్ళీ నా దోనె ఎక్కుతున్నారు. మళ్ళీ పీతమొహం అంటున్నారు. లొహుమ వదిలేసిందంటే నేను ఎందుకూ కొరగానిదాన్నని రుజువైందట, అంచేత నా దోనె ఇంకా భద్రమట. ఈ తెలివికి ఏం పేరు పెట్టాలో తెలియదు. పురిటిబిడ్డ కొంచెం తెల్లబడింది. తిట్టడం కష్టమవుతోంది.

రెల్లుపూత నెల, 10

ఇష్ప సంతకు వచ్చింది. నా దోనె ఎక్కలేదు, గొమ్రి దోనెలో దాటింది. ఒడ్డున ఎదురుపడితే, "బాగున్నారా" అని అడిగింది. తల కొంచెం వంచి, మర్యాదగా.

బాగున్నానన్నాను. ఇంకేమనాలి? లొహుమ పట్టుకుపోయి ఉంటే ఈ మాట వినాల్సి వచ్చేది కాదు. ఆ బురదముద్దకు ఏ పనీ పూర్తిగా చేయడం రాదు.

రెల్లుపూత నెల, 11

బాగున్నారా అంది.

రెల్లుపూత నెల, 19

మోకాళ్ళు నిజంగానే నొప్పి పెడుతున్నాయి.

రెల్లుపూత నెల, 26

వర్రిన్ వచ్చాడు. మేకపాల జున్నుగడ్డ ఒకటి చేతిలో పెట్టి, "ఇది అస్సలు బాగోలేదు, నువ్వు తినకపోయినా ఏం ఫర్వాలేదు" అన్నాడు. నువ్వు అన్నాడు. ఎన్నాళ్ళు పట్టింది ఈ ముక్క నేర్చుకోవడానికి. తర్వాత మడతపెట్టిన కాగితం ఇచ్చాడు. వాడు చూస్తుండగా విప్పలేదు. దోనె కనుమరుగయ్యాక విప్పాను. ఇష్ప రాత.

"పీతమొహం పెద్దమ్మకు. ఇన్నాళ్ళు నిన్ను చూడబుద్ధి కాలేదు. ఇప్పటికీ సగం రోజులు కాదు. పందొమ్మిదేళ్ళు ఒక్క మాట దాచడం నేర్చుకున్నావుగానీ పులుసులో ఉప్పెంత వేయాలో నేర్చుకోలేదు. వచ్చే వారం వస్తున్నాను. రాతిదిబ్బ ఎక్కుదాం. అక్కడ అమ్మ పాట ఎలా ఉండేదో నాకు చెప్పాలి. ఎంత బాగుండేదో ఉన్నదున్నట్టు చెప్పాలి, నీకు తప్ప ఎవరికీ తెలియదు. పెళ్ళినాడు మింగేసిన నాలుగు ముక్కలు కూడా తెచ్చుకో. మోకాళ్ళ నొప్పులంటే ఊరుకోను, అబద్ధాలకోరుదానా."

దీని రాత కోడి గీకినట్టుంటుంది, ఎప్పుడూ అంతే. రెండు చోట్ల తప్పులు కూడా ఉన్నాయి. "మీరు" అని ఎక్కడైనా ఉందేమోనని పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ వెతికాను. లేదు.

మోకాళ్ళకు నూనె కాచి పెట్టాను. వాసన భరించలేకుండా ఉంది.